పద్దెనిమిది వేల జీతం: బేసిక్ గడిలో అంకె మారితే ఇంటి లెక్క ఎక్కడెక్కడ మారుతుంది

నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. అప్పటి నుంచి హైదరాబాద్‌లోని జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లి, కాటేదాన్ షెడ్లలో ఒకటే మాట: "బేసిక్ పెంచుతరంట, కటింగ్ పెరుగుతదంట, చేతికొచ్చేది తగ్గుతదంట." ఈ మాటలో కొంత నిజం ఉంది, కొంత లేదు. ఏది ఎంతో తేలాలంటే జీతం చీటీని పైనుంచి చదవాలి. చాలామంది కిందనుంచి చదువుతారు. చేతికొచ్చే మొత్తం సరిపోయిందంటే చీటీ మడిచి జేబులో పెట్టేస్తారు. కానీ జ్వరంతో పది రోజులు పడుకుంటే ఇంటికి ఎంత వస్తుంది, ప్రెస్సు కింద వేలు పడితే ఎంత, యాభై ఎనిమిది నిండాక నెలకెంత, మనిషే పోతే భార్యాపిల్లలకు ఎంత అన్నవన్నీ పైన మొదటి గడిలోనే తేలిపోతాయి. ఆ గడి పేరు బేసిక్, డీఏ: అంటే మూల జీతం, ధరలను బట్టి దాని మీద కలిపే కరువు భత్యం.

అన్ని లెక్కలకూ ఒకే ఇంటిని తీసుకుందాం. బాలానగర్‌లో ఒక ఇంజనీరింగ్ యూనిట్‌లో టర్నర్ (లేత్ యంత్రం మీద పనిచేసేవాడు), నెల జీతం 18,000. జగద్గిరిగుట్టలో కిరాయి ఇల్లు, భార్య, బడికెళ్లే ఇద్దరు పిల్లలు, తల్లి. మనిషి ఊహే. లెక్కలు మాత్రం ఇప్పుడున్న రేట్ల ప్రకారం వేసినవి.

ఒకే జీతం, మూడు చీటీలు

మొదటి చీటీ పాత పద్ధతి. బేసిక్, డీఏ కలిపి 7,000, ఇంటి కిరాయి భత్యం 5,500, కన్వేయన్స్ 3,500, వాషింగ్ వగైరా 2,000. మొత్తం 18,000. పీఎఫ్ 7,000 మీద 12 శాతం, అంటే 840. ఈఎస్ఐకి, అంటే కార్మికుల ఆరోగ్య బీమాకు, 1948 నాటి చట్టం కిరాయి భత్యాన్ని కూడా జీతంలో కలుపుతుంది కనుక 12,500 మీద 0.75 శాతం, పైసలు పైకి సవరిస్తే 94. వృత్తి పన్ను 150. తెలంగాణలో నెలకు 15,000 దాటి 20,000 వరకు ఉంటే 150, ఆ పైన 200, 15,000 లోపు ఏమీ లేదు. చేతికి 16,916.

రెండో చీటీలో విభజన అదే, కోడ్‌లు తెచ్చిన కొత్త వేతన నిర్వచనం పెట్టి లెక్కిస్తే వచ్చేది. కిరాయి, కన్వేయన్స్ లాంటి మినహాయింపు భత్యాలు మొత్తంలో సగం దాటితే, దాటినంత మేరా తిరిగి వేతనంలో కలపాలి. ఇక్కడ భత్యాలు 11,000, సగం 9,000. మిగులు 2,000 వెళ్లి 7,000లో కలుస్తుంది, వేతనం 9,000 అవుతుంది. పీఎఫ్ 1,080, ఈఎస్ఐ 68, వృత్తి పన్ను 150. చేతికి 16,702. (కచ్చితంగా వేయాలంటే కంపెనీ పీఎఫ్ వాటాను కూడా మినహాయింపుల్లో చేర్చి సగం కట్టాలి. తేడా కొన్ని వందలే కనుక వదిలేశాం.)

మూడో చీటీలో బేసిక్, డీఏ 13,500, కిరాయి భత్యం 4,500. పీఎఫ్ 1,620, ఈఎస్ఐ 102, వృత్తి పన్ను 150. చేతికి 16,128.

మొదటి చీటీకీ మూడో చీటీకీ నెలకు 788 రూపాయల తేడా. ఆ ఇంట్లో 788 అంటే ఒక పిల్ల ఆటో ఫీజు, లేదా పాల బిల్లులో సగం. కార్మికుడు మొదటి చీటీనే కావాలంటే అది తెలివితక్కువతనం కాదు. అయితే ఆ 788 మిగుల్చుకున్నందుకు ఏమి పోతోందో చీటీ చెప్పదు.

పీఎఫ్ కటింగ్ రెండు ఖాతాల్లోకి పోతుంది

కార్మికుడి 12 శాతం పూర్తిగా అతని పీఎఫ్ ఖాతాలో పడుతుంది. కంపెనీ కూడా 12 శాతం కడుతుంది, కానీ అది చీలుతుంది. 8.33 శాతం పింఛను పథకానికి, మిగిలిన 3.67 శాతమే పీఎఫ్‌కి. పాస్‌బుక్‌లో కంపెనీ వాటా తక్కువ కనిపించగానే "సేటు సగమే కట్టిండు" అని గొడవకు దిగేది చాలాసార్లు ఇది తెలియకే. పింఛను వాటా పాస్‌బుక్‌లో వేరే వరుసలో ఉంటుంది, దానికి వడ్డీ జమకాదు. ఎందుకంటే అది దాచిన సొమ్ము కాదు, పింఛను హక్కు కోసం కట్టే చందా.

మొదటి చీటీలో పీఎఫ్ ఖాతాకు నెలకు 840, దాని మీద కంపెనీ నుంచి 257, కలిపి 1,097. పింఛనుకు 583. మూడో చీటీలో పీఎఫ్ ఖాతాకు 1,620, 495 కలిపి 2,115. పింఛనుకు 1,125. అంటే కార్మికుడు 780 ఎక్కువ కోయించుకుంటే కంపెనీ కూడా ఇంకో 780 పెట్టాలి. బేసిక్ తక్కువ చూపడంలో కంపెనీకి మిగిలేది అదే.

పీఎఫ్ ఖాతాలో నెలకు 1,018 తేడా ఇరవై ఏళ్లలో అసలే 2,44,320. 2024-25కి ఇచ్చిన 8.25 శాతం వడ్డీయే అన్నేళ్లూ ఉందనుకుంటే దాదాపు 6 లక్షలు.

పింఛను సూత్రం ఇంకా సూటిగా ఉంటుంది: చివరి 60 నెలల సగటు వేతనాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. ఇరవై ఏళ్లు నిండినవారికి రెండేళ్లు అదనంగా కలుపుతారు. 58 ఏళ్లకు దిగిపోయే మన టర్నర్‌కు ఇరవై ఏళ్ల సర్వీసు ఉంటే, మొదటి చీటీ మీద 7,000ను 22తో గుణించి 70తో భాగిస్తే నెలకు 2,200. మూడో చీటీ మీద 4,243. పింఛను లెక్కకు వేతన పరిమితి 15,000, ఇది 2014 సెప్టెంబరులో పెట్టినది. కనీస పింఛను 1,000 కూడా ఆ ఏడాదిదే. పదిహేను వేల మీద ముప్పై అయిదేళ్లు కట్టినా లెక్క 8,000 దాటదు. ఇది బతుకు వెళ్లే పింఛను కాదు. రెండు వేలా, నాలుగు వేలా అన్న తేడా మాత్రం ముసలితనంలో బీపీ, షుగరు మందులు కొనగలగడానికీ కొనలేకపోవడానికీ మధ్య తేడా.

యాభై శాతం నియమం: ఎవరికి కోత పెరుగుతుంది, ఎవరికి పెరగదు

బేసిక్ తగ్గించి భత్యాలు పెంచడం కొత్త ఎత్తు కాదు, కోర్టులు చాలాసార్లు తేల్చిన తగవే. అందరికీ ఒకేలా, ప్రతినెలా ఇచ్చే "స్పెషల్ అలవెన్స్" కూడా పీఎఫ్‌కు బేసిక్ వేతనమే అవుతుందని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరి 28న చెప్పింది. ఆ తర్వాత కొన్ని కంపెనీలు స్పెషల్ అలవెన్స్ పేరు తీసేసి ఆ మొత్తాన్ని కిరాయి, కన్వేయన్స్ గడుల్లోకి తోశాయి. ఆ దారికి అడ్డంగా వేసిందే సగం నియమం.

చేతికొచ్చే జీతం తగ్గదని కేంద్ర కార్మిక శాఖ వివరణ ఇచ్చింది. ఆ వివరణ నిజమే, కానీ ఒక షరతుతో: పీఎఫ్‌ను 15,000 పరిమితి మీద, అంటే నెలకు 1,800 కట్టేవారికి. బేసిక్ ఇరవై వేలున్న సూపర్‌వైజరుకు వేతనం పాతిక వేలని తేలినా కోత 1,800 దగ్గరే ఆగుతుంది. మన టర్నర్ ఆ పరిమితి కింద ఉన్నాడు. అతని పీఎఫ్ 840 నుంచి 1,080కి పోతుంది, 240 పెరుగుతుంది. వాట్సాప్‌లో తిరిగిన భయమూ ప్రభుత్వం ఇచ్చిన వివరణా రెండూ నిజమే కావడానికి కారణం ఇది. ఒకటి పదిహేను వేల కిందివారి గురించి, రెండోది పైవారి గురించి.

కనీస వేతనం సంగతి ఇక్కడే చూడాలి. తెలంగాణలో ఒక్కో రకం పరిశ్రమకు బేసిక్, దాని మీద ఏటా ఏప్రిల్, అక్టోబరుల్లో ధరల సూచీని బట్టి మారే వీడీఏ అనే కరువు భత్యం ప్రకటిస్తారు. చీటీలో బేసిక్, డీఏ కలిపి ఆ అంకె కంటే తక్కువుంటే విభజన గురించి తర్వాత, ముందు అదే నిలదీయాల్సిన విషయం. పాత చట్టంలో కిరాయి భత్యం కూడా వేతనంలో భాగమే కాబట్టి మొత్తం కలిపి కనీస వేతనం దాటితే చాలని యాజమాన్యాలు వాదించి కొన్ని కేసుల్లో గెలిచాయి కూడా. కొత్త నిర్వచనం కిరాయి భత్యాన్ని బయటపెట్టింది కనుక ఆ వాదనకు బలం తగ్గింది.

ఈఎస్ఐ: చిన్న కోత, పెద్ద పని

నెలకు వంద రూపాయల చుట్టూ ఉండే ఈ కోత గురించి ఎక్కువ ఫిర్యాదులు వినిపిస్తాయి. "డిస్పెన్సరీలో గోళీలే ఇస్తరు" అంటారు. గోళీల సంగతి పక్కన పెడితే, ఈ పథకంలో అసలు విలువ పనిలేని రోజులకు వచ్చే డబ్బులో ఉంది. దాని గురించి కంపెనీ చెప్పదు, కార్మికుడు అడగడు.

2019 జులై నుంచి కార్మికుడి వాటా 0.75 శాతం, కంపెనీ వాటా 3.25 శాతం. వేతనం 21,000 లోపు ఉన్నవారికి వర్తిస్తుంది. చందా కాలాలు రెండు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు కట్టిన చందాకు ఆ తర్వాతి జనవరి నుంచి జూన్ వరకు హక్కు. అక్టోబరు నుంచి మార్చి వరకు కట్టినదానికి జులై నుంచి డిసెంబరు వరకు. చందా కాలంలో కనీసం 78 రోజుల వేతనం చూపి ఉంటే జబ్బు చేసినప్పుడు రోజు వేతనంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. క్షయ, క్యాన్సర్, పక్షవాతం లాంటి దీర్ఘరోగాలకు 80 శాతం చొప్పున రెండేళ్ల వరకు పొడిగింపు ఉంది.

కాంట్రాక్టర్ మధ్యలో మారి, మే నుంచి కొన్ని నెలలు కార్మికుడి పేరు ఏ జాబితాలోనూ లేకపోయి, ఆర్నెల్లకు 70 రోజులే పడ్డాయనుకోండి. మనిషి ఒక్కరోజు కూడా మానకపోయినా, మళ్లీ జనవరి నుంచి జూన్ దాకా జబ్బు భత్యం రాదు. ఎనిమిది రోజులు తక్కువ పడినందుకు ఆర్నెల్ల హక్కు పోతుంది. జబ్బు చేశాక వెళ్లి అడిగితేగానీ ఈ సంగతి బయటపడదు.

పనిలో గాయమైతే ఈ 78 రోజుల షరతు లేదు. చేరిన రోజే ప్రమాదం జరిగినా వర్తిస్తుంది. ఇంటి నుంచి పనికి వెళ్లే దారిలో జరిగిన ప్రమాదం కూడా, పనితో ముడిపడిందని తేలితే, లెక్కే. తాత్కాలికంగా పని చేయలేనంత కాలం వేతనంలో 90 శాతం. శాశ్వత లోపం మిగిలితే మెడికల్ బోర్డు సంపాదనా శక్తి ఎంత శాతం పోయిందో నిర్ణయిస్తుంది. చూపుడు వేలు మొత్తం పోతే షెడ్యూలులో 14 శాతం, బొటనవేలికి 30 శాతం. మూడో చీటీ ప్రకారం రోజు వేతనం 450, దానిలో 90 శాతం 405, అందులో 14 శాతం 56 రూపాయల 70 పైసలు. నెలకు 1,701, బతికినంత కాలం. వేతనం 9,000గా చూపే రెండో చీటీ మీద అదే వేలికి నెలకు 1,134.

బాలానగర్ లాంటి చోట పవర్ ప్రెస్ ప్రమాదాల్లో ఎక్కువగా జరిగే తప్పు ఇక్కడే. వేలు తెగగానే పక్కనున్న ప్రైవేటు నర్సింగ్ హోముకు తీసుకుపోయి, బిల్లు కట్టి, చేతిలో పది, ఇరవై వేలు పెట్టి పంపేస్తారు. ఆ క్షణానికి అది మంచితనంలాగే కనిపిస్తుంది. కానీ ప్రమాద నివేదిక ఈఎస్ఐకి వెళ్లకపోతే గాయం పనిలో అయినట్టు రికార్డు ఉండదు. రికార్డు లేకపోతే బోర్డు ముందుకు వెళ్లడానికి ఆధారం ఉండదు. నెలకు పదిహేడు వందలు పదేళ్లకే రెండు లక్షలు దాటుతాయి.

ఇక కొత్త నిర్వచనంలో కార్మికుడికి ఎదురు తిరిగే చోటు. నిర్వచనాన్ని అక్షరాలా పట్టుకుంటే కిరాయి భత్యం ఈఎస్ఐ వేతనంలోంచి బయటికి పోతుంది. మొదటి చీటీలో 12,500 మీద కట్టిన చందా రెండో చీటీలో 9,000 మీదికి దిగింది. కోత 26 రూపాయలు తగ్గింది, దాంతోపాటు జబ్బు భత్యమూ రోజుకు సుమారు 292 నుంచి 210కి తగ్గుతుంది. ఒకే నియమం పీఎఫ్‌ను పెంచి ఈఎస్ఐ భత్యాన్ని తగ్గించగలదు. మరోవైపు, 21,000 పరిమితిని సన్నబడిన వేతనంతో పోలుస్తారు కనుక, మొత్తం జీతం 24,000 ఉండి ఇంతకుముందు ఈఎస్ఐ దాటిపోయినవారు మళ్లీ లోపలికి వచ్చే వీలుంది.

ఆరోగ్యశ్రీ ఉండగా ఇదెందుకు అన్న ప్రశ్న తరచూ వస్తుంది. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో ఏడాదికి 10 లక్షలకు పెరిగింది. జాబితాలో ఉన్న చికిత్సకు ఆస్పత్రి బిల్లు అది కడుతుంది. మంచంలో ఉన్న మూడు నెలల కిరాయి కట్టదు, వేలు పోయినవాడికి పింఛను ఇవ్వదు. ఈఎస్ఐలో తల్లికి కూడా వైద్యం ఉంది, కానీ ఆమె పేరు కార్డులో చేరి ఉండాలి. సనత్‌నగర్ ఈఎస్ఐ మెడికల్ కాలేజీలో కార్మికుల పిల్లలకు నీట్ ర్యాంకు మీద ప్రత్యేక కోటా సీట్లున్నాయన్నది కూడా చాలా ఇళ్లకు తెలియని సంగతి.

పీఎఫ్ తీసి అప్పు తీర్చడం తప్పా?

పీఎఫ్ ముట్టొద్దని చదువుకున్నవాళ్లు చెబుతారు. లెక్క అంత తేలిగ్గా లేదు. టర్నర్ తల్లి ఆపరేషన్‌కు 50,000 నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడనుకుందాం. నెలకు 1,500, ఏడాదికి 18,000 వడ్డీయే. అదే 50,000 పీఎఫ్‌లో ఉంటే ఏడాదికి వచ్చేది 4,125. అడ్వాన్సు తీసి ఆ అప్పు మూసేస్తే ఏడాదికి 13,875 మిగులు. దాన్ని తప్పు అనలేం. అదే అడ్వాన్సు పెళ్లి పందిరికో కొత్త ఫోనుకో పోతే లెక్క వేరు.

తప్పు జరిగేది మరోచోట. ఉద్యోగం మారిన ప్రతిసారీ పీఎఫ్ మొత్తంతోపాటు ఫారం 10సి పెట్టి పింఛను సొమ్ము కూడా తీసేసుకోవడంలో. పింఛనుకు పదేళ్ల సర్వీసు కావాలి. తొమ్మిదేళ్లు చేసి 10సితో తీసుకుంటే వచ్చేది రమారమి తొమ్మిది నెలల వేతనం, 13,500 మీద లక్షా ఇరవై వేల చుట్టూ. ఆ సర్వీసు అక్కడితో చెరిగిపోతుంది, తర్వాతి కంపెనీలో సున్నా నుంచి మొదలు. బదులుగా పాత సర్వీసును నిలిపి ఉంచే స్కీమ్ సర్టిఫికెట్ తీసుకునో, ఖాతాను కొత్త కంపెనీకి బదిలీ చేయించో ఇంకో ఏడాది కలిపితే, పదేళ్లకు 58వ ఏట నుంచి నెలకు 1,929. అయిదారేళ్లలోనే ఆ లక్షా ఇరవై వేలు వచ్చేస్తాయి, ఆపై భార్యకు కూడా పింఛను ఉంటుంది. రెండేళ్లకో షెడ్డు మారే హైదరాబాద్ కార్మికుడు ఇరవై ఏళ్లు పనిచేసి కూడా పింఛను లేకుండా మిగలడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి.

2025 అక్టోబరు 13న పీఎఫ్ ట్రస్టీల బోర్డు ఈ దారిని ఇరుకు చేయాలని నిర్ణయించింది. పదమూడు రకాల అడ్వాన్సులను మూడుగా కుదించడం, ఖాతాలో 25 శాతం ఎప్పుడూ ఉంచడం, ఉద్యోగం పోయాక 75 శాతం వెంటనే ఇచ్చి మిగిలినది ఏడాది తర్వాత ఇవ్వడం, పింఛను సొమ్ము తీయడానికి రెండు నెలల గడువును 36 నెలలు చేయడం అందులో ఉన్నాయి. "మా సొమ్ము మీద మీ తాళమేంది" అన్న కోపం సహజమే. తాళం వేసింది ఎక్కువగా పింఛను గదికి అన్నది దానికి జవాబు. కంపెనీ మూతపడి రెండో నెల కిరాయి కట్టలేనివాడికి ఆ జవాబు సరిపోతుందా అంటే సరిపోదు.

మనిషి లేకపోతే ఇంటికి వచ్చేవి

పీఎఫ్ ఉన్న ప్రతి కార్మికుడికీ ఈడీఎల్ఐ అనే బీమా ఉంటుంది. దీనికి కార్మికుడు పైసా కట్టడు, కంపెనీ 0.5 శాతం కడుతుంది. చివరి 12 నెలల సగటు వేతనానికి 35 రెట్లు, దాని మీద పీఎఫ్ నిల్వలో సగం 1.75 లక్షలకు మించకుండా కలుపుతారు. మొత్తం 7 లక్షలు దాటదు. ముప్పై అయిదు రెట్ల భాగమే మొదటి చీటీ మీద 2,45,000, మూడో చీటీ మీద 4,72,500. పింఛను పథకంలో ఒక్క నెల చందా పడి ఉన్నా భార్యకు పింఛను, ఇద్దరు పిల్లల వరకు ఒక్కొక్కరికి అందులో 25 శాతం, పాతికేళ్లు వచ్చేదాకా. మరణం పనిలో ప్రమాదం వల్ల అయితే ఈఎస్ఐ నుంచి వేతనంలో 90 శాతం భార్యాపిల్లల మధ్య పంచుతారు. ఇవన్నీ చిక్కు లేకుండా చేరాలంటే నామినేషన్ ఉండాలి. పెళ్లికి ముందు తండ్రి పేరు పెట్టి తర్వాత మార్చనివాళ్ల ఇళ్లలో నెలల తరబడి నడిచే తగాదా ఇదే.

గ్రాట్యుటీ చివరి వేతనం మీద ఏడాదికి పదిహేను రోజుల చొప్పున, నెలకు 26 రోజుల లెక్క. పదేళ్లకు 7,000 మీద 40,385, 13,500 మీద 77,885. అయిదేళ్లు నిండాలన్నది పాత నియమం. నిర్ణీత కాలపు ఒప్పందంపై పనిచేసేవారికి కొత్త కోడ్‌లో ఏడాది చాలు. బోనస్‌కు కనీసం 8.33 శాతం, 7,000 లేదా కనీస వేతనం, వీటిలో ఏది ఎక్కువైతే దాని మీద. కనీస వేతనం అంతకు మించి ఉన్నా దసరాకు 7,000 మీదే లెక్కగట్టి చేతిలో పెట్టడం మామూలైపోయింది.

చిన్న షెడ్డు యజమాని వాదన, యూనియన్ల వాదన

ఇరవై మందితో నడిచే షెడ్డు యజమాని మాట కూడా వినాలి. మూడో చీటీ ఇస్తే పీఎఫ్, పింఛను కింద ఒక్కొక్కరికి నెలకు 780 అదనం. ఇరవై మందికి 15,600, ఏడాదికి 1,87,200. గ్రాట్యుటీ భారం దీనికి అదనం. పెద్ద కంపెనీకి పార్టులు చేసి ఇచ్చి బిల్లు కోసం నెలలు ఎదురుచూసేవాడికి ఇది చిన్న మొత్తం కాదు. పైగా పక్క షెడ్డు పద్దెనిమిది మందినే చూపించి పీఎఫ్ నుంచే తప్పుకుంటుంటే నిజాయతీగా కట్టేవాడి రేటు పోటీలో నిలవదు. పీఎఫ్ ఇరవై మంది దగ్గర, ఈఎస్ఐ పది మంది దగ్గర మొదలవుతాయి గనుక హాజరు పుస్తకంలో పందొమ్మిదో పేరు తర్వాత కలం ఆగిపోతుంది.

యూనియన్లు కూడా ఒక్కమాట మీద లేవు. బీఎంఎస్ కోడ్‌లను స్వాగతించింది. ఐఎన్‌టీయూసీ, ఏఐటీయూసీ, సీఐటీయూ సహా పది కేంద్ర సంఘాలు వ్యతిరేకించాయి. వాళ్ల అభ్యంతరం సగం నియమం మీద కాదు. లేఆఫ్‌కు, మూసివేతకు ప్రభుత్వ అనుమతి అక్కర్లేని పరిమితిని 100 మంది నుంచి 300కి పెంచడం మీద, కాంట్రాక్టు కార్మిక నిబంధనలు వర్తించే సంఖ్యను 20 నుంచి 50కి మార్చడం మీద. వేతనానికి నిర్వచనం గట్టిపడినా ఉద్యోగమే పలచబడితే ఆ నిర్వచనం ఎవరికి అన్నది వాళ్ల ప్రశ్న. జీతం చీటీయే లేని అడ్డా కూలీకి, కాంట్రాక్టరు చేతిలో నగదు తీసుకునే ప్యాకింగ్ మహిళకు పై మూడు చీటీల్లో ఏదీ వర్తించదు కాబట్టి ఆ ప్రశ్న తేలిక కాదు.

చీటీ ఉండటం వల్లే తలెత్తే చిక్కు ఇంకొకటి ఉంది. తెలంగాణలో పట్టణాల్లో రేషన్ కార్డుకు ఆదాయ పరిమితి ఏడాదికి 2 లక్షలు. 18,000 చొప్పున ఏడాదికి 2,16,000. నెలకు మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం, అంటే ఆ ఇంట్లో అయిదుగురికి ముప్పై కిలోలు, కాగితం మీద పదహారు వేల తేడాతో దూరమవుతాయి. నగదు తీసుకునే పక్కింటివాడు అంతే సంపాదించినా అతనికి ఈ చిక్కు రాదు. అసలు చీటీయే వద్దనేవాళ్ల లెక్కలో ఇది కూడా ఉంటుంది.

చీటీలో కోత, ఖాతాలో సున్నా

అన్నిటికంటే చెడ్డ పరిస్థితి, కోసిన డబ్బు కట్టకపోవడం. ప్రతినెలా కోతను మరుసటి నెల 15లోగా జమ చేయాలి. పీఎఫ్ సభ్యుడి నంబరైన యూఏఎన్‌కు ముడిపడిన ఫోను నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే నిల్వ మెసేజ్ వస్తుంది. నెలవారీ జమలు ఉమంగ్ యాప్‌లోని పాస్‌బుక్‌లో కనిపిస్తాయి. మూడు నెలలు వరుసగా ఖాళీ ఉంటే అది "సర్వర్ డౌన్" కాదు. యూఏఎన్ రెండు ఉండటం, ఆధార్‌లో ఒక పేరు, పీఎఫ్‌లో ఇంటిపేరుతో ఇంకో పేరు ఉండటం, పాత కంపెనీ మానేసిన తేదీ వేయకపోవడం వల్ల క్లెయిములు ఎక్కువగా తిరిగొస్తాయి. మానేసిన తేదీని రెండు నెలల తర్వాత కార్మికుడే ఆన్‌లైన్‌లో వేసుకోవచ్చు. మిగిలినవాటిలో కొన్నింటికి కంపెనీ ఆమోదం కావాలి కనుక, ఉద్యోగంలో ఉండగానే సరిచేయించుకోవడం తేలిక. షెడ్డు మూతపడ్డాక సంతకం చేసేవాడి కోసం ఊరంతా తిరగాలి.

రెండో రకం మోసం సీటీసీ, అంటే కంపెనీకి అయ్యే మొత్తం ఖర్చు, అన్న మాటున జరుగుతుంది. సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ ఏజెన్సీల్లో "జీతం 18,000" అని చెప్పి, చేరాక కార్మికుడి 12 శాతంతోపాటు కంపెనీ వాటానూ అందులోంచే తీస్తారు. చేరేముందే 18,000 మొత్తం ఖర్చు అని రాసి చెబితే అది బేరం. 18,000 వేతనం అని రాసిచ్చి కంపెనీ వాటాను కోస్తే అది చట్టం ఒప్పుకోని కోత. నియామక పత్రం తప్పనిసరి చేసిన కొత్త కోడ్ ఈ ఒక్క విషయంలో కార్మికుడి చేతికి కాగితం ఇస్తుంది, ఇస్తే.

కాంట్రాక్టర్ కట్టకుండా మాయమైతే, ఆ పని ఎవరి ప్రాంగణంలో జరిగిందో ఆ కంపెనీని, అంటే ప్రధాన యజమానిని, పీఎఫ్, ఈఎస్ఐ బాకీకి పట్టుకోవచ్చు. అందుకు కావలసింది ఆ గేటు లోపల పనిచేసినట్టు రుజువు: గేటు పాసు, హాజరు కార్డు ఫొటో, బ్యాంకులో పడిన జీతం, ఒక్క చీటీ అయినా. పీఎఫ్ ఫిర్యాదు బర్కత్‌పురలోని భవిష్యనిధి భవన్‌కు, ఈఎస్ఐది ఆదర్శనగర్‌లోని ప్రాంతీయ కార్యాలయానికి. కనీస వేతనం, గ్రాట్యుటీ, బోనస్ తగవులు కార్మిక శాఖవి, దాని కార్యాలయం ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని టి. అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో. ఆల్విన్ ఫ్యాక్టరీలో కూలీగా మొదలై 1980లో ముఖ్యమంత్రి అయిన మనిషి పేరది. మూడు కార్యాలయాలూ వేర్వేరు చట్టాల పని చూస్తాయి కాబట్టి ఒకచోట ఇచ్చిన అర్జీ రెండోచోటికి దానంతట అది పోదు. ఒకే చీటీ జిరాక్సు మూడు చోట్లా విడివిడిగా ఇచ్చి, మూడు చోట్లా తీసుకున్నట్టు ముద్ర వేయించుకోవాలి.